పొట్టపట్టీ

"కిడ్నీలో రాయి నొప్పే పెద్దాయనా. ఇంటికెళ్ళి నీళ్ళు బాగా తాగండి," అన్నాడు డాక్టర్ కుజె.

మంచం దిగబోయిన ఇసోకావా తూలాడు. ఒళ్ళంతా చల్లని చెమట. భార్య తొమియె పట్టుకుంది.

"ఆ పొట్టపట్టీ వదులు చెయ్యనా?"

"వద్దే, డాక్టరుగారి ముందు సిగ్గు."

కుజె ఉలిక్కిపడ్డాడు. ఇందాక ఆ ఉన్నిపట్టీ పైనుంచే పొట్ట తడిమాడు. చలికాలం, ముసలాయన, విప్పించడం దేనికనుకున్నాడు. ఇప్పుడు విప్పి చేయి పెట్టాడు. బొడ్డుపైన గుండెలా ఏదో కొట్టుకుంటోంది.

"సిస్టర్, పెద్ద రక్తనాళం ఉబ్బి పగిలేలా ఉంది! సర్జన్‌ని పిలవండి!"

"కొన్నాళ్ళుగా అలా కొట్టుకుంటూనే ఉంది బాబూ. అందుకే బిగించి కట్టా," అన్నాడు ఇసోకావా. " మీరు తడిమి ఏమీ అనకపోతే, ఫర్వాలేదనుకున్నా."

మంచం తోసుకెళ్తుంటే ముసలాయన తల వంచాడు. "శ్రమ ఇచ్చాను, క్షమించండి."

కుజె నోట రావాల్సిన మాట అది.