నౌబత్ పహాడ్ ఎక్కని కారు

కారు నాలుగోసారి తిరిగొచ్చింది.

నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో వెంకటేశం అప్పుడే షట్టర్ ఎత్తాడు. అగరొత్తి ఇంకా వెలిగించలేదు. తెల్ల మారుతి వచ్చి గుమ్మంలో ఆగింది. ఆ చప్పుడు వింటూనే అతనికి ఒళ్లు మండింది.

"ఏందయ్యా వెంకటేశం, ఇది గిట్లనే ఉంటదా?" దిగుతూనే అందుకున్నాడు ఆనంద్ పాల్. "నిన్న నౌబత్ పహాడ్ ఎక్కుతుంటే గ్యాస్ సిలిండర్ల ఆటో నన్ను దాటిపోయింది. సిలిండర్ల ఆటో!"

ఎడమ సీట్లోంచి ఆయన భార్య ఆగ్నెస్ దిగలేదు. కిటికీలోంచే మాట విసిరింది. "ఆ బోర్డు పీకేసి డబ్బాని ఎప్పటి లెక్కనే పెట్టమనండి. ఈయనతోని అయ్యేటట్టు లేదు."

లక్డీకాపూల్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా ఆనంద్ పాల్ పోయినేడు రిటైరయ్యాడు. ఆగ్నెస్ కూడా అదే ఏడాది ఉద్యోగం మానేసింది. ఆ వయసులో ఆయన లైసెన్సు తెచ్చుకుని ఈ పాత కారు నడుపుతున్నాడు. ఖైరతాబాద్ ఇంటి నుంచి ఆబిడ్స్ చర్చికి, అక్కడి నుంచి కూరగాయలకి. ఆవిడ పక్కన లేనిదే తాళంచెవి ముట్టడు. కారు మాత్రం మొదటి రోజు నుంచీ ఎత్తు కనబడితే చాలు, మూలుగుతోంది.

అందుకే వెంకటేశం దగ్గరికి తెచ్చారు. స్టీరింగు కింద ఇంజన్‌కి కంప్యూటర్ డబ్బా ఒకటి ఉంటుంది. పెట్రోలు ఎంత పోయాలో, నిప్పు ఎప్పుడు రగలాలో అదే చెబుతుంది. వెంకటేశం ఆ డబ్బా విప్పి, లోపల అగ్గిపెట్టెంత బోర్డు కలిపి టంకం పెడతాడు. కంపెనీ లెక్కలు పోయి అతని లెక్కలు వస్తాయి. బండి లేస్తుంది. లేవాలి.

ఇదేమో లేవడం లేదు.

ఊరికే వదిలేద్దామంటే కుదరదు. ఆనంద్ పాల్ పక్కింటి వరప్రసాద్‌కి ట్రావెల్స్ ఉంది. "పాల్ గారి బండి లేస్తే నా పది కార్ల పనీ నీకే" అన్నాడు. ఆ మాట పట్టుకునే వెంకటేశం ఆబిడ్స్‌లో గ్యారేజీ కొలువు వదిలి సొంత షాపు పెట్టాడు. వరప్రసాద్ రేపు తేల్చి చెబుతానన్నాడు. ఈ కారు ఇలాగే మొరాయిస్తే, మళ్లీ ఆ గ్యారేజీ ఓనర్ ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. చచ్చినా ఆ పని చేయలేడు.

చేయనిదేముంది కనుక! మొదటిసారి బోర్డు కాళ్లన్నిటికీ మళ్లీ టంకం పెట్టాడు. రెండోసారి లెక్కలు మార్చాడు. మూడోసారి బోర్డే మార్చి, ప్లగ్గులు కొత్తవి వేశాడు. ప్రతిసారీ ఒక్కడే పబ్లిక్ గార్డెన్స్ దాకా నడిపి చూశాడు. రివ్వున పోయింది. వాళ్ల చేతికిచ్చాడు. మర్నాటికల్లా గుమ్మంలో ప్రత్యక్షం. రాత్రిళ్లు కళ్లు మూసుకున్నా ఆ డబ్బానే కనబడుతోంది. కారులో డబ్బా తప్ప ఇంకేమీ లేదన్నట్టు తయారయ్యాడు.

"సార్, ఏమనుకోవద్దు. మీరు యాక్సిలేటర్ మంచిగ తొక్కుతలేరు."

ఆనంద్ పాల్ మొహం ఎర్రబడింది. "నేల తాకేదాక తొక్కుతున్న! ఇంక రోడ్డు మీద కాలు పెట్టి నూకమంటవా?"

"ఆయన మంచిగనే తొక్కుతరు. నేను పక్కనే ఉంట కదా, నాకు తెల్వదా?" అంది ఆగ్నెస్.

వెంకటేశం పళ్లు కొరుకుతూ స్కూటర్ తీశాడు. "నడువుండ్రి. నేను ఎనకాల వస్త. పొగ ఏ రంగుల వస్తదో చూస్త. ఇయ్యాల అటో ఇటో తేలిపోవాలె."

పబ్లిక్ గార్డెన్స్ దాటారు. అసెంబ్లీ దాటారు. కారు నింపాదిగా పోతోంది. నౌబత్ పహాడ్ ఎత్తు మొదలయ్యింది. ఇంజన్ గొంతు చించుకుంటోంది. కారు మాత్రం పెళ్లిబాజా వెనక నడుస్తున్నట్టే ఉంది. పక్కనుంచి ఒక ముసలాయన లూనా మీద దర్జాగా దాటిపోయాడు. వెంకటేశానికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు చూశాడు. పొగ కాదు. కారు వెనక ఎర్ర లైట్లు రెండూ వెలుగుతున్నాయి. ఎత్తు మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారైనా ఆరలేదు.

స్కూటర్ అడ్డం పెట్టి ఆపాడు. నాలుగు రోజుల కోపం ఒక్కసారే బయటికొచ్చింది. "ఏం సార్! బండి ఎత్తు ఎక్కుతుంటే బ్రేకు మీద కాలు పెట్టిన్రా? నన్ను సంపుదామనుకున్నరా?"

"ఏసయ్య సాక్షి, నా కాలు బ్రేకు మీద లేదు!" అన్నాడు ఆనంద్ పాల్. "ఇగో, నువ్వే చూసుకో."

రెండు కాళ్లూ ఎత్తి సీటు మీద పెట్టేశాడు. వెంకటేశం తలుపు తీసి, రోడ్డు మీద మోకాళ్లూని లోపలికి వంగాడు. ఎవరి కాలూ లేని బ్రేకు పెడలు దానంతటదే కిందికి దిగి ఉంది.

మెల్లగా చూపు ఎడమవైపుకి తిప్పితే, ఇరవై రెండేళ్లు హిమాయత్‌నగర్‌లో ఆడవాళ్లకి డ్రైవింగ్ నేర్పి, మానేసే రోజున ఆ స్కూలు కారునే కొనుక్కున్న ఆగ్నెస్, నేర్పేవాళ్ల కోసం తన వైపు బిగించిన రెండో బ్రేకు మీద అలవాటుగా కాలు నొక్కిపెట్టి, "ఏందయ్యా, దొరికిందా?" అని అడుగుతోంది.