చింతాకు కాపడం

"దిగమ్మే చెట్టు!"

రత్నమణి వెంటనే దిగలేదు. ఇంకో రెమ్మ దూసి ఒడిలో వేసుకుని, అప్పుడు దిగింది.

చెట్టు గోపన్నది. బేతంచెర్ల గనులకు అవతల, అతని చేను గట్టున ఉంది. రోజూ ఎవరో ఆకు దూసుకుపోతున్నారని తెలిసి, ఆ పొద్దున వచ్చి కాపు కాశాడు.

"సంతలో అమ్ముకుంటాండావా? ఇట్ల బోడి చేస్తే కాయలు యాడ కాస్తాయి?"

"అమ్మేదానికి కాదు సామీ. మా ఆయన కాలి నొప్పికి."

గొంతులో ఏడుపు లేదు. బతిమాలడమూ లేదు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది అది. కొత్త కట్టడాలకు నాపబండలు కావాలని గనిలో తెరిపిలేని పని. లారీకి ఎత్తుతుంటే బండ జారి ఆమె భర్త లేవి కుడికాలి మీద పడింది. ఆసుపత్రిలో చేయగలిగింది చేసి ఇంటికి పంపారు. నొప్పి మాత్రం పోలేదు. మాత్రలకు లొంగలేదు, తైలాలకూ లొంగలేదు.

ముదురు చింతాకు ఉడకేసి కాపడం పెడితే నొప్పి లాగేస్తుందని గోపన్నకూ తెలుసు. ఎద్దు కాలు బెణికినా వాళ్లమ్మ అదే పెట్టేది. అయినా ఆమె మాట నమ్మలేదు.

"పద, చూస్తా."

గుడిసెలో లేవి నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నడుము నుంచి కిందికి గొంగడి కప్పి ఉంది. గోపన్న గడప బయటే నిలబడ్డాడు.

రత్నమణి ఆకులో గుప్పెడు ఉప్పేసి ఉడకబెట్టింది. గుడ్డలో మూట కట్టింది. మరీ కాలుతోందేమోనని మోచేతికి ఆనించుకుని చూసుకుంది.

"కండ్లు మూసుకో," అంది భర్తతో. "యాడ నొస్తాండాది?"

"బొటనవేలు. ఎవురో పట్టుకుని మెలేస్తాండారు."

ఆమె గొంగడి కాస్త పైకి జరిపి మూట ఆనించింది.

"ఇంగా కిందికి... ఆ, ఆడ!"

ఆవిరి పోయేదాకా అలాగే పట్టుకుంది. బిగుసుకున్న లేవి దవడ మెల్లగా వదులైంది.

"తగ్గిందా?"

"తగ్గింది."

ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. చల్లారిన ఆకు పెరట్లో పారబోసింది. గుడ్డ ఉతికి ఆరేసింది.

గోపన్న చుట్టు తిరిగి పెరట్లోకి వచ్చాడు.

"ఎన్నాళ్లు పెడతావు తల్లీ?"

"నొస్తాండాది అన్నన్నాళ్లు."

మర్నాడు గోపన్నే దోటి తీసుకుని చేనికి పోయాడు. కొమ్మలు వంచి, ముదురు ఆకు దూసి కుప్ప పోశాడు. సద్ది తెచ్చిన భార్య అది చూసి నిలబడిపోయింది.

"ఎవురికి ఇదంతా?"

చెప్పాడు.

"పాపం, ఆయప్ప కాలు ఎట్లుండాది?"

గోపన్న ఇంకో కొమ్మ వంచాడు.

లేవి కుడికాలిని మోకాలి పైదాకా కోసేసి అప్పటికి మూడు నెలలయింది.