జేబు మూతికి నీలం దారం

"అందంగా కాదమ్మా, పేదగా కనబడాలన్నారు" అంది మేకప్ ఆవిడ, ఆ అమ్మాయి బుగ్గల మీద నల్లటి పొడి ఏదో రాస్తూ.

అమ్మాయికి నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ ఏ మేకప్పూ లేకుండానే పేదగా ఉంది మరి.

ఇంకో గంటలో స్టేజి మీద సినిమా హీరో పక్కన నిలబడాలి. పిల్లల చదువుల కోసం ఆయన పెట్టిన ట్రస్టుకి ఇవాళ పెద్ద సభ. పద్నాలుగేళ్ల కిందట ఆయన ఎత్తుకుని ఫోటో దిగిన రెండో తరగతి పిల్ల తనే. ఇప్పుడు నర్సింగ్ చివరి ఏడాది. తెల్ల కోటు వేసుకునే రావాలని మేనేజర్ మరీ మరీ చెప్పాడు.

"ఇన్నేళ్లూ సారే చదివించారా?"

"అవునక్కా. ఏటా క్లాసులు మొదలయ్యే ముందు పార్శిల్ వచ్చేది. కొత్త యూనిఫాం. జేబు మూతి నీలం దారంతో కుట్టేసి ఉండేది. కుట్టు విప్పితే లోపల ఫీజు డబ్బు."

"మా సారేనా? మా జీతాలకే చుక్కలు చూపిస్తారు!"

గది మూల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. కాస్ట్యూములు కుట్టే ముసలాయనకి దారం తెగినట్టుంది.

"ఈసారే ఇంకా రాలేదు" అంది అమ్మాయి గొంతు తగ్గించి. "ఫీజుకి రేపే ఆఖరు. కట్టకపోతే పరీక్ష రాయనివ్వరు. సార్‌ని అడుగుదామనే వచ్చా."

"అడుగు, అడుగు. కళ్లు మూసుకో, కాటుక చెదరగొట్టాలి."

కాసేపటికి కళ్లు తెరిచేసరికి అద్దంలో కనబడింది. వెనక కొక్కేనికి తగిలించిన తన తెల్ల కోటు. దాని జేబులో ముసలాయన చెయ్యి.

అమ్మాయి గిరుక్కున తిరిగింది.

"ఏంటది? నా జేబులో చెయ్యెందుకు పెట్టారు?"

ముసలాయన ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు.

"జేబు... కుట్టు ఊడిందమ్మా..."

"ఊడలేదు. నా కోటు సంగతి నాకు తెలీదా?"

కేకలకి మేనేజర్ ఊడిపడ్డాడు.

"ఏం పోయింది?"

"ఖాళీ జేబే, పోవడానికేముంది! కానీ అడక్కుండా చెయ్యి పెడితే ఏమనుకోవాలి?"

"దొంగ అనుకోవాలి. ఏటా బడులు తెరిచే వేళకి అడ్వాన్సు, అడ్వాన్సు అని ప్రాణం తీస్తాడు. ఏ పేకాటకి తగలేస్తాడో! ఈసారి నెలరోజులు తిప్పి ఇవాళ పొద్దున్నే ఇచ్చాను." మేనేజర్ ముసలాయన వైపు తిరిగాడు. "ఆ డబ్బు ఇక్కడ పెట్టి బయటికి నడువు."

"లేదు బాబూ. అయిపోయింది."

"పూటన్నా తిరక్కుండానే? అయితే ఆ మిషన్ వదిలేసి పో."

ఆ మిషన్ ముసలాయన సొంతం. దాని వంక చూశాడు. కోటు వంక చూశాడు.

"అలాగే బాబూ."

గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"బాగా చదువుకో తల్లీ."

చేసిన పనికి తోడు దీవెనలు కూడానా అని అమ్మాయికి ఒళ్లు మండింది. అవతల స్టేజి మీద పిలుస్తున్నారు. కోటు విసురుగా తొడుక్కుని పరిగెత్తింది.

హీరో ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"నా డాక్టరు చెల్లెలు!" అన్నాడు మైకులో.

నర్సు అని ఎవరూ సవరించలేదు. చప్పట్లు మోగిపోయాయి.

స్టేజి దిగుతూనే ఆయన మేనేజర్ని అడిగాడు. "వాచీ పడిందా ఫోటోలో? కంపెనీవాళ్లు దానికే డబ్బిచ్చారు."

"బ్రహ్మాండంగా పడింది సార్."

అమ్మాయి ధైర్యం చేసింది.

"సార్, ఈ ఏడాది పార్శిల్ రాలేదు."

"ఏం పార్శిల్?"

"యూనిఫాం, ఫీజు... మీరు ఏటా పంపించేది సార్."

హీరో మేనేజర్ వంక చూశాడు. "మనం పంపిస్తున్నామా?"

"లేదు సార్!" మేనేజర్ నవ్వేశాడు. "ఆ రోజు ఫోటో కోసం తొడిగిన యూనిఫాంలే సాయంత్రానికి విప్పించి పట్టుకొచ్చాం. కంపెనీ సామాను కదా."

ఆమెకి గుర్తుంది. విప్పేటప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. వారం తిరిగేసరికి సరిగ్గా తన కొలతలకే కొత్తది ఇంటికొచ్చింది.

"మంచి పిల్ల. ఓ సెల్ఫీ ఇచ్చి పంపండి" అని హీరో కారెక్కాడు. సెల్ఫీ ఇవ్వాల్సింది తనేనని ఆయనకి తట్టలేదు.

మంచం పక్కన గోడకి అతికించుకున్న ముఖం అది. ఏ పరీక్షకి వెళ్లినా ఆ ముఖానికి చెప్పే వెళ్లింది. పద్నాలుగేళ్లు ఎవరికి రుణపడ్డానని మురిసిపోయిందో, ఆయనకి తనెవరో కూడా తెలీదు. ఇంత మోసపోయానా అని ఆమె గుండె రగిలిపోయింది.

చేతులు కోటు జేబుల్లో పెట్టుకోబోయింది.

ఒక చెయ్యి దూరలేదు. వేలికి సూది గుచ్చుకుంది.

జేబు మూతికి సగం దాకా కుట్టు వేసి ఉంది. మిగతా సగం దగ్గర సూది అలాగే వేలాడుతోంది.

నీలం దారం.

సందులోంచి మడత పెట్టిన నోట్లు కనబడుతున్నాయి.

కోటు జేబు అదిమి పట్టుకుని గేటు దాకా ఒకటే పరుగు.

"కుట్టు తాతగారు ఎటెళ్లారు?"

"ఇందాకే వెళ్లిపోయాడమ్మా, మెడలో టేపు ఒక్కటే వేసుకుని" అన్నాడు వాచ్‌మన్. "ఇల్లెక్కడో ఎవరికీ తెలీదు. ఎవరో అమ్మాయి జేబులో చెయ్యి పెట్టాడట, పనిలోంచి పీకేశారు."

"పెట్టారు" అంది అమ్మాయి, నెత్తురు చిమ్మిన వేలు గట్టిగా అదిమి పట్టుకుని. "పద్నాలుగేళ్లుగా పెడుతూనే ఉన్నారు."