పెరటి వైపు గది

"సముద్రం కనిపించని గది ఏదైనా ఉందా అండీ?"

లాడ్జి యజమానురాలి చేతిలో తాళాల గుత్తి చప్పుడు టక్కున ఆగిపోయింది. కొండ అంచున కట్టిన లాడ్జి అది. మేడ మీది కిటికీ కోసమే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ కిటికీని చూసుకుని ఆవిడకు కాస్త గర్వం కూడా ఉంది. దాన్ని వద్దన్నవాణ్ణి ఆవిడ చూడటం ఇదే మొదటిసారి.

అడిగింది నలుగురు స్నేహితుల్లో బక్కపల్చటివాడు.

"ఒరేయ్, ఈ ఒక్క పూటా ఓర్చుకోరా," అన్నాడు బొద్దుగా ఉన్నవాడు. "రేపు పొద్దున్నే విడిపోతాం. కలిసి కూర్చుందామనేగా దారిలో ఇక్కడ ఆగింది. మేం ముగ్గురం ఇప్పటిదాకా సముద్రం మొహం చూడలేదు, నీకు తెలుసుగా."

"మీరు చూడండిరా. నేను కింద ఉంటాను."

"ముందు మేడెక్కండి నాయనా," అంది ఆవిడ. "చూశాక కూడా కింద గదే కావాలంటే అప్పుడు మాట్లాడదాం."

కిటికీ తలుపులు ఆవిడే తీసింది. గది నిండా వెలుగూ గాలీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. కింద ఒక నీలం, పైన ఇంకో నీలం, రెండూ కలిసే చోట గీత కూడా లేదు. బొద్దుగా ఉన్నవాడు తెరిచిన నోరు మూయడం మర్చిపోయాడు. కళ్ళజోడువాడు అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మూడోవాడు, వాగుడుకాయ అని అందరూ ఏడిపించేవాడు, "అబ్బ" అని ఊరుకున్నాడు. రోజూ చూసే ఆవిడకే ఒళ్ళు ఝల్లుమంది.

బక్కపల్చటివాడు మాత్రం ఎవరిదో పెళ్ళి ఆల్బం చూసినట్టు చూసి, "బాగుంది," అని మెట్లు దిగిపోయాడు.

ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. పెరటి వైపు గదిని, రాత్రికి పడుకుని తెల్లారి పోయే మందుల కంపెనీల వాళ్ళకు తప్ప ఎవరికీ ఇవ్వదు. అక్కణ్ణుంచి కనిపించేది ఒక జామచెట్టు, బట్టలారేసే తాడు, కాసిని బెండ మొక్కలు, పిల్లల కోడి. అంతే. ఇతగాడికి నీళ్ళంటే భయమా, లేక మనసుకేదైనా దెబ్బ తగిలిందా? ఏదేమైనా ఆ కిటికీ ముందు కూర్చోబెట్టకుండా పంపేది లేదని పంతం పట్టింది.

కాఫీ వంకతో పెరట్లోకి వెళ్ళింది. అతను చెప్పులు విప్పేసి, కాలివేళ్ళతో మట్టిని నొక్కి నొక్కి చూస్తున్నాడు. ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి మొక్కల్లో పోసింది. మట్టి వాసన గుప్పుమంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకాసిని పోస్తారా?"

ఆవిడ ఇంకో చెంబు పోసింది. కోడి నేల కెలికి, పిల్లల్ని పిలిచింది. అవన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ పరుగెత్తుకొచ్చాయి. అతని మొహం చూసి ఆవిడ నిలబడిపోయింది. ఇందాక మేడ మీద ఆ ముగ్గురి మొహాల్లో చూసిందే ఇక్కడా ఉంది. తానూ తిరిగి చూసింది. జామాకుల సందుల్లోంచి ఎండ పడి కోడి రెక్కలు రాగిలా మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఇది తన పెరట్లోనే ఉందా అనుకుంది.

సాయంత్రానికి ముగ్గురూ దిగొచ్చి అతని పక్కన మట్టిలోనే చతికిలబడ్డారు.

"అదేంటి నాయనా, అంత కిటికీ వదిలేసి?"

"వీడు లేకుండా ఎంతసేపని చూస్తామండీ," అన్నాడు వాగుడుకాయ.

ఇక ఆవిడ ఉండబట్టలేకపోయింది. "బాబూ, వీళ్ళ కోసమైనా ఒక్కసారి పైకి రా. ఇంత దూరం వచ్చి సముద్రాన్ని కళ్ళారా చూడకుండా పోతే, రేపణ్ణుంచీ బాధపడతావు."

ముగ్గురూ నవ్వబోయి, నవ్వలేక తలలు దించుకున్నారు. అతను అరచేతిలోని కోడిపిల్లను మెల్లగా నేల మీద వదిలాడు.

"ఓడలో వంటవాణ్ణండీ. రేపు ఎక్కానంటే, నడిచే కోడిని మళ్ళీ చూసేది వచ్చే ఏడాదే."