ఒక్కరుంటే చాలు

“పెట్టె కిందికి దించొద్దండప్పా” అన్నాడు జయరామప్ప, తవ్విన గుంత అంచున చెప్పుల కాళ్ళతో నిలబడి. “నా గులాబీ తోట పక్కన గోరీలేంది? పూలు కొనేవాళ్ళు ఈ దోవన వస్తారా?”

పెట్టె మోస్తున్న నలుగురూ భుజం మార్చుకున్నారు. లోపల ఉన్నది అక్కమ్మవ్వ. పొద్దున్నే పోయింది. నీళ్ళు పోసింది, తల దువ్వింది, తెల్లచీర కట్టింది ప్రేమే. అవ్వకు ఇంకెవరూ లేరు. ప్రేమకూ అంతే. పక్కపక్కనే రెండు రేకుల ఇళ్ళు, ఇద్దరికీ ఒకే సంగటి కుండ. ఈ సాయంత్రం ఆ కుండ ఎవరికోసం పొయ్యి మీద పెట్టాలో ప్రేమకు తెలియలేదు.

“ఇది పోరంబోకు జయరామన్నా, నీ పట్టా కాదు” అన్నాడు పాస్టర్ అశోక్. “ఊరి శ్మశానంలో వద్దన్నారు. ఇంక యాడికి పోవాల మేము?”

“కులం దేవుణ్ణి వదిలినోళ్ళకు కులం శ్మశానం యాడొస్తుంది? అయినా ఈ ఊళ్ళో క్రైస్తవులు యాడుండారప్పా? తాలూకాఫీసులో అడిగితే మీరంతా హిందువులే. ఆదివారం రెండు గంటలు మాత్రం వేరే.”

వెనకాల ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

అంతలో బాగలూరు దోవన మోటారుసైకిలు వచ్చి ఆగింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ పురుషోత్తం. ఈ ఊరికి కొత్త. హెల్మెట్టు తీసి, ఎండకు కళ్ళు చిట్లించి, సంచిలోంచి శ్మశానం జాగా కోసం సంఘం పెట్టుకున్న అర్జీ కాగితం బయటికి లాగాడు.

“సార్, మా సంఘంలో పెద్దామె ఒకరు పొద్దున...” అని మొదలుపెట్టాడు అశోక్.

“పోయినోళ్ళ సంగతి తరవాతప్పా. ఉండేవాళ్ళ సంగతి చెప్పు. జాగా ఇచ్చేది ఉండేవాళ్ళను చూసి.” కాగితం మీద వేలు పెట్టాడు. “ముప్పైరెండు ఇళ్ళు క్రైస్తవులని రాసినారు. కులం సర్టిఫికెట్లో అట్లుండేవాళ్ళు ఈ బండి పక్కకు రండి.”

ఎవరూ కదల్లేదు. ఒకాయన తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఇంకొకాయన మోగని ఫోను తీసి చూసుకున్నాడు.

“సార్, కాగితం కాగితమే కదా” అన్నాడు అశోక్. “దేవుడు చూసేది మనసు.”

“నేను దేవుణ్ణి కాదు కదప్పా. నాకు కాగితమే కనిపిస్తుంది.” పురుషోత్తం గొంతులో కోపం లేదు. “ముప్పైరెండు ఇళ్ళూ వద్దు. ఒక్కరుంటే చాలు. మార్చి రాసిమ్మని ఇప్పుడు సంతకం పెట్టేవాళ్ళున్నా సరే, ఈడనే రాసిచ్చి పోతాను. లేదంటే పెట్టె ఎత్తుకోండి.”

“పాస్టరన్న పోతాడులే” అంది మంజులమ్మ, ప్రేమ చెవిలో.

“కొడుకు కాలేజీ సీటు హిందూ ఎస్సీ సర్టిఫికెట్ మీదే కదక్కా, మార్చుకుంటే పోతుంది” అంది ప్రేమ.

“నువ్వు పో అయితే. అవ్వకు నువ్వే కదా దగ్గర.”

మత్తిగిరి అంగన్వాడీలో ఆయా పని ప్రేమకు ఖాయమైంది. ఆర్డరు వచ్చే నెల చేతికొస్తుంది. అది కూడా ఆ సర్టిఫికెట్ మీదే. లోకంలో బతకాలంటే లోకజ్ఞానం కావాల చెల్లీ అని, హిందువని రాయించుకునే దినం పక్కన నిలబడి ధైర్యం చెప్పింది అశోకన్నే. ఆ దినం అది మంచి మాటగానే వినిపించింది.

బండి దాకా ఎనిమిది అడుగులు ఉంటాయి. ప్రేమ వాటిని కళ్ళతో నడిచింది. కాళ్ళు మాత్రం మట్టిలో పాతినట్టు ఉండిపోయాయి. పెట్టె మూత మీద ఎండ కాస్తోంది. తన కొంగు దాని మీద కప్పాలనిపించింది. అందుకైనా ముందుకు పోవాలి కదా అని ఆగిపోయింది.

ప్రభువా, ఎవరినైనా పంపించు అనుకుంది. ఒక్కరిని. నన్ను కాకుండా ఒక్కరిని.

“చూసినారా సార్?” అన్నాడు జయరామప్ప, గుంత అంచు మట్టిని కాలితో లోపలికి తోస్తూ. “నేను చెప్తే అబద్ధమన్నారు.”

పురుషోత్తం ఫోనులో ఊరి జాబితా తెరిచి వేలితో పైకి జరుపుతున్నాడు. వేలు ఆగింది.

“ఉండప్పా. ఒక పేరుంది ఈడ.”

అశోక్ తలెత్తాడు. మోసేవాళ్ళు కూడా మెడలు తిప్పారు. ప్రేమ గుండెల మీది బండ ఎవరో దించినట్టయింది. ఎవరో ఉన్నారు. తను కాదు, వేరే ఎవరో. ఒక్కొక్క ముఖమే వెతికింది. ఏ ముఖమూ ఒప్పుకోలేదు.

“గట్టి మనిషే” అన్నాడు పురుషోత్తం, పేరు పక్కన రాసిన వివరం చదువుతూ. “పోయిన ఏడాది ఎస్సీ కోటాలో ఇల్లు మంజూరయ్యే టయానికి తానే ఆఫీసుకొచ్చి, నేను క్రీస్తు మనిషిని, అట్లే రాయండి అని వేలిముద్ర వేసింది. ఇల్లు పోగొట్టుకునింది.” అర్జీ కాగితం బండి సీటు మీద పరిచి, పెన్ను మూత తీశాడు. గుంపు మీదుగా చూస్తూ, భయపడిన పిల్లను పిలిచినట్టు మెత్తగా పిలిచాడు.

“అక్కమ్మా, యాడమ్మా ఉండావు? ఎవరికీ భయపడొద్దు, ముందుకు రా.”