చిటికెడు పసుపు

"ఆ పళ్లెం వెనక్కి తీయమ్మా! చిటికెడు పసుపు పడినా నీళ్లు చెడిపోతాయి!"

ఓబులేసు అరుపుకు వాళ్లమ్మ నరసమ్మ గట్టు మీదే ఆగిపోయింది. తార్నాకలో వాళ్లు అద్దెకు దిగిన ఈ పాత జాగీర్దారు బంగళాలో స్విమ్మింగ్ పూల్ ఇన్నాళ్లూ పాచి పట్టి కంపు కొట్టేది. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పే కొడుకు దాన్ని తోడించి, కడిగించి, కొత్త నీళ్లలో పటికా బ్లీచింగూ సున్నమూ కలిపి, అడుగు కనిపించేలా తేర్చాడు. ఇవాళ అతని డిపార్ట్‌మెంటు ప్రొఫెసర్ గారు ఈతకు వస్తున్నారు.

"కొత్త నీళ్లు నాయనా. గంగమ్మకు పసుపు కుంకుమ ఇయ్యకుండా ఎవురన్నా కాలు పెడతారా?"

"ఇది మన పల్లె బావి కాదు. దీంట్లో ఏది ఎంత ఉండాల్నో లెక్క ఉంటుంది. నీకు చెప్పినా ఎక్కదులే. ఆయన ముందర నా పరువు తీయొద్దు, పో."

ఆమె విడిచిన చెప్పులు చేత్తో పట్టుకుని, పళ్లెంతో వసారాలోకి జరిగింది.

అంబాసిడర్ దిగిన ప్రొఫెసర్ బూట్లతోనే గట్టెక్కాడు. నోటి నిండా పాన్. నీళ్లను చూసి తలూపాడు. మాట్లాడాలంటే నోరు ఖాళీ కావాలి. వంగి, ఆ నీళ్లలోనే ఉమ్మాడు.

"బహుత్ అచ్ఛా, ఓబులేసూ! మస్తు చేసినవ్."

"అంతా తమ దయ సార్," అని ఓబులేసు చేతులు కట్టుకుని నవ్వాడు. తేటనీళ్లలో ఎరుపు మెల్లగా విచ్చుకుంటోంది.

ప్రొఫెసర్ బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లాక నరసమ్మ కొడుకు దగ్గరికొచ్చింది.

"ఆయప్ప ఉమ్మి నీ లెక్కలో ముందే ఉండిందా, నాయనా?"