ఎడమకాలికి ఒక్క సూది

"నొప్పి ఎడమకాలికైతే కుడికాలికి గుచ్చుతారేంటి డాక్టరు గారూ?"

ఏడుసార్లు అడిగిన మాటే సత్యానందం ఎనిమిదోసారీ అడిగాడు. గుడివాడలోని ఈ ఆక్యుపంక్చర్ క్లినిక్‌కి అతను ముదినేపల్లి నుంచి బస్సులో వస్తాడు. కూడా భార్య ధనమ్మ. ఆవిడే అతని చెప్పు విప్పి గుమ్మం దగ్గర పెడుతుంది. ఆవిడే మంచం ఎక్కించి, నడుం కిందికి దుప్పటి సర్దుతుంది.

డాక్టర్ వసుంధర విసుక్కోలేదు.

"రెండు కాళ్ల కబుర్లూ వెన్నులోంచే మెదడుకి వెళ్తాయండీ. ఈ కాలికి సూది పెడితే, ఆ కబురు వెళ్లి ఆ నొప్పికి అడ్డం పడుతుంది. మెదడు తన మందు తనే వదులుతుంది. నొప్పి తగ్గితేనే కదా మిమ్మల్ని మళ్లీ నడిపించగలం?"

"తగ్గట్లేదుగా!" అన్నాడు సత్యానందం. "వేళ్లు మడతపడిపోయి ఉన్నాయండీ. ఎవరో నొక్కిపెట్టి ఇరికించినట్టు. ఒక్కసారి చాపగలిగితే చాలు, ప్రాణం లేచొస్తది."

వేళ్ల మాట ఎత్తినప్పుడల్లా ధనమ్మ మొహం కిటికీవైపు తిప్పుకుంటుంది. ఇవాళా అంతే.

వసుంధర అతని కుడిపిక్కలో, పాదం మీద సన్నటి సూదులు పెట్టింది.

"బరువుగా లాగుతోందా?"

"ఇక్కడ లాగుతోందండీ. అక్కడ మండుతోంది."

పాతిక నిమిషాలయ్యాక సూదులు తీసింది. సత్యానందం కళ్లు మూసుకుని కాసేపు నొప్పిని వెతుక్కున్నాడు. తల అడ్డంగా ఊపాడు. చేపల చెరువుల మీద ఇరవయ్యేళ్లు మేత బస్తాలు మోసిన మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. తగ్గని నొప్పికి ఎంత చక్కగా వివరం చెప్పినా ఏం లాభం?

"కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. ఇంక మిమ్మల్ని తిప్పడం నాకిష్టం లేదమ్మా" అంది వసుంధర, ధనమ్మతో.

"ఎడమకాలికి ఒక్క సూది..." అంది ధనమ్మ. క్లినిక్‌లో ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

వసుంధర ఆవిడ వంక జాలిగా చూసింది.

దింపుడు కళ్లం ఆశ అంటారే, అదీ అయిపోయింది. బల్లమీద విప్పని సూది పొట్లం ఒకటి మిగిలింది. ధనమ్మ దాన్ని కొంగున ముడేసుకోవడం ఎవరూ చూడలేదు.

సాయంత్రం ఊళ్లో బస్సు దిగాక, మొగుణ్ణి ఇంట్లో పడుకోబెట్టి, ఒక్కతే చర్చి వెనక సమాధుల దొడ్లోకి వెళ్లింది. గోడవారన చిన్న మట్టిదిబ్బ. పేరు లేదు, శిలువ లేదు. పక్కన మొలిచిన వేపమొక్కే ఆవిడకి కొండగుర్తు. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు తుడుచుకుని, కొంగుముడి విప్పింది.

మూడు నెలల కిందట ఆసుపత్రిలో తీసేసిన మొగుడి ఎడమకాలిని, పొట్టి పెట్టెలో పట్టక వేళ్లు మడిచి, తన చేతులతోనే పూడ్చిన ఆ చోట, ధనమ్మ మట్టిలోకి సూది గుచ్చింది.